ఫ్రిస్కోలో టీవీ యాంటెనా రివ్యూ: క్లియర్‌స్ట్రీమ్ 2వీ బాగుంది, కానీ కొనే ముందు ఎక్కడ పెడతారో చూసుకోండి

మేం ఉండేది టెక్సస్‌లోని ఫ్రిస్కోలో. ఇంటికి క్లియర్‌స్ట్రీమ్ 2వీ అనే యాంటెనా పెట్టుకుని లోకల్ చానెల్స్ అన్నీ ఫ్రీగా చూస్తున్నాం, ఇది దాని రివ్యూ. ముందే చెప్పేస్తా, యాంటెనా చాలా బాగుంది, మళ్ళీ కొనాల్సి వచ్చినా ఇదే కొంటా. కానీ ఇక్కడ ఎక్కువ భాగం యాంటెనా గురించి కాదు, దాన్ని ఇంట్లో ఏ మూల పెట్టాలి అన్నదాని గురించే రాస్తున్నా, ఎందుకంటే పర్మనెంట్‌గా బిగించే ముందు దీన్ని ఇల్లంతా తిప్పి చూశా, అదే యాంటెనా అదే టీవీ, చోటు మారితే లెక్క మొత్తం మారిపోయింది. హాల్లో కిటికీ దగ్గర సగం చానెల్స్ కూడా పట్టనిది ఇంటి వెనక పోల్‌కి పెట్టగానే అన్నీ కదలకుండా నిలబడ్డాయి. మన వాట్సాప్ గ్రూపుల్లో అందరూ ఏ యాంటెనా కొనాలి అనే అడుగుతారు, ఎక్కడ పెట్టాలి అని అడిగేవాళ్ళు తక్కువ. నాకైతే రెండోదే అసలు ప్రశ్న.

ముందు ఇది ఎవరికి పనికొస్తుందో చెప్తా. ఇక్కడ పెద్ద లైవ్ టీవీ స్ట్రీమింగ్ ప్యాకేజీలు నెలకి 80 డాలర్లు దాటేశాయి, యాంటెనాకి ఒకసారి పెట్టిన ఖర్చు తప్ప నెలనెలా కట్టేది ఏమీ లేదు. ఏబీసీ, ఎన్‌బీసీ, సీబీఎస్, ఫాక్స్, పీబీఎస్ వస్తాయి, స్పానిష్ చానెల్స్ బోలెడు, పాత సినిమాలూ పాత సీరియల్స్ వేసే సబ్‌చానెల్స్ ఇంకా బోలెడు. ఈటీవీ, జెమినీ, మాటీవీ ఇందులో రావు, క్రికెట్ రాదు, వాటికి ఎలాగూ ఇంటర్నెట్టే. మా ఇంట్లో దీన్ని ఎక్కువ వాడేది ఆదివారం మన డల్లాస్ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ కౌబాయ్స్ ఆటకి, పిల్లలకి ఇక్కడి పీబీఎస్ స్టేషన్ కేరా 13 కింద వచ్చే కిడ్స్ చానెల్‌కి, అన్నిటికంటే ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో టోర్నడో వార్నింగులకి. సైరన్ మోగినప్పుడు మెరుపులకి ఇంటర్నెట్ తెగిపోవడం ఇక్కడ మామూలే, ఉన్నా స్ట్రీమింగ్ బొమ్మ కొంచెం వెనకపడి వస్తుంది. యాంటెనాలో రాడార్ మ్యాప్ దాదాపు అప్పటికప్పుడు కనిపిస్తుంది, సుడిగాలి మన కౌంటీలోకి వస్తోందా పక్కకి పోతోందా అని చూసే టైంలో ఆ కొన్ని సెకన్లు చాలా పెద్ద తేడా. ఇక 2026 ఫుట్‌బాల్ వరల్డ్ కప్ మన ఆర్లింగ్టన్ స్టేడియానికే 9 మ్యాచ్‌లు ఇచ్చారు, ఇంగ్లీష్ హక్కులు ఫాక్స్ వాళ్ళవి, అదీ యాంటెనాలో వచ్చే చానెలే.

డల్లాస్ ఏరియాలో ఉన్నవాళ్ళకి ఒక పెద్ద అదృష్టం ఉంది. ఇక్కడి పెద్ద స్టేషన్ల టవర్లన్నీ దాదాపు ఒకే చోట ఉంటాయి, డల్లాస్‌కి సౌత్‌వెస్ట్‌లో సీడర్ హిల్ అనే ఊరు, ఈ చుట్టుపక్కల నేల అంతా చదును అయితే అది కాస్త ఎత్తు మీద ఉంటుంది, దాని మీద 1,500 అడుగులు దాటిన టవర్లు. రాత్రిపూట హైవే 67 మీద అటు వెళ్తే ఎర్ర లైట్లు వరసగా కనిపిస్తాయి చూడండి, అవే. కాబట్టి యాంటెనాని ఒక్క వైపుకి తిప్పి వదిలేస్తే చాలు, ఒక చానెల్ తూర్పున ఇంకోటి పడమర అనే గొడవ లేదు. మా ఫ్రిస్కో నుంచి అది నేరుగా 40 మైళ్ళు, దాదాపు సౌత్, పిసరంత వెస్ట్‌కి. ప్లేనో నుంచి 35 మైళ్ళ లోపు, సౌత్‌వెస్ట్ వైపు. కొప్పెల్ నుంచి 25, అర్వింగ్ వాళ్ళకి 15, 16 మైళ్ళే, అర్వింగ్‌లో చాలా ఇళ్ళకి అసలు ఇంత యాంటెనా అక్కర్లేదు కూడా. రాబిట్‌ఇయర్స్ అని ఒక ఫ్రీ వెబ్‌సైట్ ఉంది, అందులో మీ అడ్రస్, యాంటెనా ఎత్తు ఇస్తే ఏ టవర్ ఎంత దూరం, కంపాస్‌లో ఎన్ని డిగ్రీలు, మధ్యలో అడ్డం ఏమన్నా ఉందా అన్నీ లెక్క కట్టి చూపిస్తుంది. డబ్బులు పెట్టే ముందు అది ఒక్కసారి చూడండి. ఎత్తు దగ్గర 10 అడుగులు వేసి ఒకసారి, 25 అడుగులు వేసి ఒకసారి చూస్తే మీ ఇంటికి ఎత్తు ఎంత కలిసొస్తుందో అక్కడే తెలిసిపోతుంది.

ఇప్పుడు ఏబీసీ వచ్చే 8వ చానెల్ సంగతి. డల్లాస్‌లో యాంటెనా పెట్టినవాళ్ళలో ఎక్కువమంది ఏడుపు ఇదే, అన్నీ వస్తున్నాయి 8 ఒక్కటే రావట్లేదు అని. కారణం ఏంటంటే టీవీలో కనిపించే నంబర్ వేరు, నిజంగా గాల్లో పంపే చానెల్ వేరు. ఎన్‌బీసీ 5 అని కనిపిస్తుంది, పంపేది 24 మీద. ఫాక్స్ 4 అని ఉంటుంది, పంపేది 35 మీద. సీబీఎస్ 11, పంపేది 19 మీద. ఇవన్నీ యూహెచ్‌ఎఫ్, అంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న బ్యాండ్. కానీ 8 మాత్రం నిజంగానే 8 మీద వస్తుంది, అది వీహెచ్‌ఎఫ్, అంటే తక్కువ ఫ్రీక్వెన్సీ బ్యాండ్, 180 నుంచి 186 మెగాహెర్ట్జ్ మధ్య. ఆ తరంగం పొడవు దాదాపు 1.6 మీటర్లు, దాన్ని సరిగ్గా పట్టాలంటే అందులో సగం, అంటే దగ్గర దగ్గర 32 అంగుళాల రాడ్ ఉండాలి. కిటికీకి అంటించే పల్చటి షీట్ యాంటెనాలు అడుగు వెడల్పు ఉంటాయి, అవి 24నీ 35నీ చక్కగా పడతాయి గానీ 8 దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తాయి. పైగా వీహెచ్‌ఎఫ్‌కి ఇంకో శత్రువు ఉంది, మన ఇంట్లోని చవక ఎల్‌ఈడీ బల్బులూ ఛార్జర్లూ చేసే ఎలక్ట్రికల్ నాయిస్. యాంటెనా ఇంట్లో ఉన్నప్పుడు వంటింట్లో లైట్ వేస్తే చాలు 8వ చానెల్ ముక్కలు ముక్కలైపోయేది, ఆపితే మళ్ళీ బాగయ్యేది, మా ఆవిడ రెండు మూడుసార్లు స్విచ్ వేసి ఆపి చూపిస్తే గానీ నేను నమ్మలేదు. కాబట్టి కొనేటప్పుడు వీహెచ్‌ఎఫ్ రాడ్ ఉన్న మోడలే కొనండి, దాన్ని వీలైనంత ఇంటి బయట, కరెంటు సామాను ఏదీ పక్కన లేకుండా పెట్టండి.

నేను 2వీ తీసుకున్నది కూడా అందుకే. ఇది మిస్సోరీలో ఉండే యాంటెనాస్ డైరెక్ట్ అనే కంపెనీది. ముందు వైపు యూహెచ్‌ఎఫ్‌కి రెండు పెద్ద రింగులు ఎనిమిది అంకెలా కలిసి ఉంటాయి, వాటి వెనక ఒక తీగల జాలీ, అది వెనక నుంచి వచ్చే చెత్త సిగ్నల్‌ని ఆపి ముందు నుంచి వచ్చేదాన్ని రింగుల మీదకి తోస్తుంది, ఆ జాలీ దగ్గరే వీహెచ్‌ఎఫ్‌కి అడ్డంగా పొడుగు రాడ్. రెండూ లోపలే కలిసి ఒక్క కేబుల్‌గా బయటికొస్తాయి. బిగించడానికి స్పానర్, స్క్రూడ్రైవర్ చాలు. చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా ఉంటుంది కానీ ప్లాస్టిక్ బొమ్మలా ఉండదు, రింగులు గట్టివి, ఈ ఊరి గాలికి పోల్ మీద నిక్షేపంగా ఉన్నాయి. 20 అంగుళాల జే ఆకారం పోల్ కూడా బాక్సులోనే వస్తుంది. బాక్సు మీద 60 మైళ్ళు అని రాసుంటుంది. ఏ కంపెనీ బాక్సు మీద మైళ్ళనైనా మీరు పట్టించుకోవద్దు, చదును నేల, ఎత్తైన పోల్, అడ్డం ఏమీ లేకపోతే అన్న లెక్క అది. మన ఇంటి గోడా, పక్కింటి రూఫూ, వీధిలో ఓక్ చెట్టూ ఆ లెక్కలో ఉండవు.

ఇక చోట్ల సంగతి. కిటికీ నుంచి మొదలుపెడతా. సౌత్ వైపు కిటికీ ఉంది కదా, గాజు కదా, సిగ్నల్ హాయిగా వచ్చేస్తుంది అనుకుంటాం. టెక్సస్‌లో ఈమధ్య కట్టిన ఇళ్ళ కిటికీలకి లో-ఈ గ్లాస్ అని వేస్తారు, ఎండ వేడి లోపలికి రాకుండా దానికి కంటికి కనపడనంత పల్చటి లోహం పూత ఉంటుంది, వేడిని ఆపే ఆ పూతే టీవీ సిగ్నల్‌ని కూడా బాగా తగ్గించేస్తుంది. నేను చూసినప్పుడు కిటికీ మూసి ఉంచితే ఒక లెక్క, అద్దం పైకి ఎత్తితే ఇంకో లెక్క, ఎత్తగానే ఫాక్స్ సిగ్నల్ అమాంతం పెరిగింది. ఎప్పుడూ కిటికీ తెరిచి పెట్టుకోలేం కాబట్టి ఆ చోటు వద్దనుకున్నా. మీ ఇల్లు పాతదై మామూలు గాజు ఉంటే, అందులోనూ మీరు డల్లాస్ లోపలో అర్వింగ్‌లోనో ఉంటే కిటికీ సరిపోవచ్చు, ముందు అక్కడ పెట్టి చూసుకోండి, రూఫ్ ఎక్కే పని తప్పుతుంది.

తర్వాత ఆటిక్, అంటే సీలింగ్‌కీ రూఫ్‌కీ మధ్య ఉండే ఖాళీ. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తా ఎందుకంటే ఎవర్నడిగినా "ఆటిక్‌లో పెట్టెయ్ బ్రో, వాన తగలదు, హెచ్‌ఓఏ గొడవ ఉండదు" అనే అంటారు, హెచ్‌ఓఏ అంటే కాలనీ ఇళ్ళ ఓనర్ల సంఘం. పాత ఇళ్ళకి అది మంచి సలహానే. కానీ ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలైనా, లిటిల్ ఎల్మ్ ఇలా కొత్తగా కట్టిన ఊళ్ళలో చాలామంది బిల్డర్లు రూఫ్ కింద వేసే చెక్కకి రేడియంట్ బ్యారియర్ అని అల్యూమినియం ఫాయిల్ అంటించిన షీట్లు వాడతారు. ఏసీ బిల్లుకి అది చాలా మంచిది. యాంటెనాకి మాత్రం ఆ ఆటిక్‌లో ఉండటం అంటే స్టీల్ డబ్బాలో మూత పెట్టుకుని కూర్చోవడమే, పైనుంచీ పక్కనుంచీ వచ్చే సిగ్నల్ అంతా ఆ ఫాయిల్‌కి తగిలి వెనక్కి పోతుంది. మీ ఇంటికి ఉందో లేదో తెలుసుకోవడం తేలికే, ఆటిక్ నిచ్చెన దింపి టార్చ్ పట్టుకుని రూఫ్ లోపలి వైపు చూడండి, చెక్క రంగులో ఉంటే ఫరవాలేదు, వెండిలా మెరిస్తే ఆ ఆలోచన చాలావరకు వదిలేసుకోవచ్చు. ఇంకో గుర్తు, అక్కడ నిలబడితే మీ ఫోన్ సిగ్నల్ గీతలు పడిపోతాయి. మాది మెరిసే ఆటిక్. అయినా యాంటెనా పట్టుకుని మూలమూలా తిరిగి చూశా, సౌత్ వైపు నిలువు గోడకి ఫాయిల్ లేదు, ఆ గోడకి దగ్గరగా పెడితే కొన్ని చానెల్స్ వచ్చాయి, కానీ ఏసీ డక్టులకి కూడా వెండి చుట్టే ఉంటుంది కదా, అడుగు ఇటు జరిగితే పోయాయి. అలాంటి చోట ఇవాళ వచ్చింది రేపు వానకి రాదు, అందుకే ఆటిక్ వదిలేశా.

ఆటిక్ ఎక్కేవాళ్ళకి ఇంకో మాట. ఎండాకాలంలో వద్దు, మధ్యాహ్నం లోపల 130 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటేస్తుంది, చలికాలం పొద్దున్నే ఎక్కండి. కాళ్ళు చెక్క దూలాల మీదే పెట్టండి, దూది లాంటి ఇన్సులేషన్ మీద అడుగు వేస్తే కింద ఉన్నది షీట్‌రాక్ అనే పల్చటి జిప్సం పలక మాత్రమే, కాలు సరాసరి బెడ్‌రూమ్ సీలింగ్‌లోంచి కిందకొస్తుంది.

మాకు చివరికి కుదిరిన చోటు చెప్తా, ఇది చాలా ఇళ్ళలో ఉండి కూడా ఎవరూ పట్టించుకోనిది. పాత ఓనర్లు వదిలేసిన శాటిలైట్ డిష్ పోల్. ఇల్లు కొన్నప్పటి నుంచి వెనక ప్యాటియో పైన తుప్పు పట్టిన డిష్ ఒకటి ఉంటుంది చూడండి, డిష్ విప్పేస్తే మిగిలే పోల్ యాంటెనాకి తయారుగా ఉన్న చోటు. ఆలోచించండి, ఇక్కడ డిష్‌లన్నీ సౌత్ వైపో సౌత్‌వెస్ట్ వైపో చూస్తాయి, శాటిలైట్లు భూమధ్యరేఖ పైన ఉంటాయి కాబట్టి. మన టవర్లు కూడా అటే. పోల్ గట్టిగా రూఫ్ దూలానికి బోల్ట్ చేసి ఉంటుంది, అక్కడి నుంచి కేబుల్ ఇంట్లోకి వచ్చే ఉంటుంది, చాలాసార్లు గ్రౌండ్ వైరు కూడా కట్టే ఉంటుంది. అంటే కష్టమైన పనులన్నీ ఎవరో ముందే చేసి పెట్టేశారు. ఒక్క తేడా గుర్తుంచుకోండి, డిష్ ఆకాశంలోకి తలెత్తి చూస్తుంది, యాంటెనా నేలకి సమానంగా దిగంతం వైపు చూస్తుంది, కాబట్టి డిష్‌కి అడ్డం రాని పక్కింటి రూఫ్ యాంటెనాకి అడ్డం రావచ్చు. పోల్ దగ్గర నిలబడి సీడర్ హిల్ వైపు చూస్తే ఎదురుగా ఆకాశం కనిపించాలి, ఇటుక గోడ కాదు.

మనవాళ్ళు ఈస్ట్ ఫేసింగో నార్త్ ఫేసింగో చూసే ఇల్లు కొంటారు కదా, ఈ విషయంలో అది భలే కలిసొస్తుంది. నార్త్ ఫేసింగ్ ఇంటికి బ్యాక్‌యార్డ్ సౌత్‌లో పడుతుంది, డల్లాస్‌కి ఉత్తరాన ఉన్న ఫ్రిస్కో, మెకినీ, ఆలెన్ వాళ్ళందరికీ టవర్లు అటే ఉంటాయి, యాంటెనా వీధిలోకి కనపడకుండా వెనక గోడకి పెట్టుకోవచ్చు. ఈస్ట్ ఫేసింగ్ అయితే సౌత్ పక్క సైడ్ వాల్ చూడండి, కానీ ఇక్కడ ఇళ్ళ మధ్య సందు పది అడుగులే ఉంటుంది కాబట్టి పక్కింటి గోడ దాటేంత ఎత్తులో పెట్టాలి.

హెచ్‌ఓఏ భయం చాలామందికి ఉంది, దాని గురించి కూడా తెలుసుకోండి. 1996 నుంచి ఎఫ్‌సీసీ, అంటే ఇక్కడ టీవీ, రేడియో ప్రసారాలు చూసే ప్రభుత్వ సంస్థ, రూల్ ఉంది, ఓటార్డ్ అంటారు. లోకల్ టీవీ చూసే యాంటెనాని మీ సొంత ఇంటి మీదో, మీరు అద్దెకుండే అపార్ట్‌మెంట్‌లో మీకు మాత్రమే చెందిన బాల్కనీలోనో పెట్టుకుంటే హెచ్‌ఓఏ గానీ ఓనర్ గానీ దాన్ని నిషేధించడానికి లేదు, సిగ్నల్ పాడయ్యేలాగానో ఖర్చు అనవసరంగా పెరిగేలాగానో షరతులు పెట్టడానికీ లేదు. సేఫ్టీ కోసం పెట్టే రూల్స్ మాత్రం చెల్లుతాయి, రూఫ్ లైన్ కంటే 12 అడుగులు మించి పోల్ లేపితే పర్మిట్ అడగొచ్చు. అందరికీ ఉమ్మడిగా ఉండే రూఫో గోడో అయితే ఈ రూల్ వర్తించదు, అపార్ట్‌మెంట్ వాళ్ళు ఇది గమనించాలి. మా దగ్గర కూడా ఒక లెటర్ వచ్చింది, యాంటెనా తియ్యమని, రూల్ నంబర్ రాసి మర్యాదగా ఒక ఈమెయిల్ పెట్టా, మళ్ళీ ఎవరూ అడగలేదు.

అసలు ఈ పనికి మొదట ఒక ఇన్‌స్టాలర్‌ని పిలిచా. ఆయన ఇంటి చుట్టూ తిరిగి చూడకుండానే ఆటిక్‌లో పెట్టేస్తా అన్నాడు, పైన ఫాయిల్ ఉందండీ అంటే ఏం కాదు యాంప్లిఫయర్ పెడితే వచ్చేస్తుంది అన్నాడు, దానికి విడిగా ఇంకో రేటు. ఈ యాంప్లిఫయర్ మాట నమ్మొద్దు. యాంటెనా దాకా రాని సిగ్నల్‌ని యాంప్లిఫయర్ పుట్టించలేదు, వచ్చినదాన్ని కేబుల్‌లో తగ్గిపోకుండా మోస్తుంది అంతే. ఇళ్ళలో ఉండే మామూలు ఆర్జీ6 టీవీ కేబుల్ 100 అడుగులు లాగితే యూహెచ్‌ఎఫ్ సిగ్నల్ దాదాపు 5 డెసిబెల్స్ పోతుంది, అంటే మూడో వంతే మిగులుతుంది, రెండు టీవీలకి కేబుల్‌ని చీల్చే స్ప్లిటర్ పెడితే ఇంకో మూడున్నర. పొడుగు కేబుల్, నాలుగు టీవీలు ఉన్న ఇంటికి యాంటెనా పక్కనే ప్రీయాంప్ అనే చిన్న యాంప్లిఫయర్ పెట్టడం సబబే. టవర్లకి దగ్గరగా గ్రాండ్ ప్రెయిరీ, అర్వింగ్‌లో ఉండేవాళ్ళు పెడితే మాత్రం సిగ్నల్ ఎక్కువైపోయి టీవీలో చానెల్ పట్టే ట్యూనర్ తట్టుకోలేక ఉన్న చానెల్స్ కూడా పోతాయి. మాకు పెట్టకుండానే సరిపోయింది. ఆ ఇన్‌స్టాలర్‌ని వద్దనేసి, నిచ్చెన పని తెలిసిన ఒక హ్యాండీమ్యాన్‌ని గంట లెక్కన పిలిచి పాత డిష్ విప్పించి దీన్ని పెట్టించా. రెండంతస్తుల రూఫ్ నిటారుగా ఉంటే మీరు ఎక్కకండి, ఆ డబ్బులు మిగుల్చుకోకండి.

తిప్పడం గురించి. మన ఊళ్ళో దూరదర్శన్ రోజుల్లో మేడ మీద ఒకళ్ళు తిప్పుతుంటే కింద ఒకళ్ళు చుక్కలు తగ్గాయా లేదా అని చూసి అరిచేవాళ్ళు, డిజిటల్‌కి ఆ పద్ధతి పనిచెయ్యదు. చుక్కలు ఉండవు, ఉంటే పూర్తి బొమ్మ లేదంటే చదరాలు చదరాలుగా విరిగి ఆగిపోవడం. పైగా ట్యూనర్‌కి తేరుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. అందుకని టీవీ సెట్టింగ్స్‌లో సిగ్నల్ మీటర్ తెరిచి పెట్టుకుని, యాంటెనాని కొంచెం తిప్పి ఆగాలి, నంబర్ నిలబడ్డాక మళ్ళీ కొంచెం. మా ఇంట్లో హెచ్‌డీ హోమ్‌రన్ అనే ట్యూనర్ డబ్బా ఉంది, అది వైఫై మీద అన్ని టీవీలకీ చానెల్స్ పంపుతుంది, దాని యాప్‌లో సిగ్నల్ స్ట్రెంగ్త్, సిగ్నల్ క్వాలిటీ, సింబల్ క్వాలిటీ అని మూడు నంబర్లు కనిపిస్తాయి. మూడోది 100 దగ్గర కదలకుండా ఉండాలి, స్ట్రెంగ్త్ ఎంత ఎక్కువున్నా ఇది ఊగుతుంటే బొమ్మ విరుగుతుంది. అప్పుడు మా మావయ్య గారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, ఫోన్ ఆయన చేతికిచ్చి బ్యాక్‌యార్డ్‌లో కుర్చీ వేసి కూర్చోబెట్టా. ఆయన హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు, నంబర్లన్నీ ఒక కాగితం మీద చానెల్ వారీగా గడులు గీసి రాశారు. పైన హ్యాండీమ్యాన్ తిప్పుతుంటే "ఎన్‌బీసీ బాగుంది గానీ ఎనిమిది తగ్గింది బాబూ, ఇందాకటి చోటుకి పొమ్మను" అని ఆయన, నేను అది ఇంగ్లీష్‌లో పైకి అరవడం. ఆ కాగితం చూస్తే తెలిసింది ఏంటంటే మిగతావన్నీ అటూ ఇటూ పది డిగ్రీలు తిప్పినా పట్టించుకోలేదు, 8 ఒక్కటే ఒక చోట బాగా నిలబడింది. కాబట్టి 8కి సెట్ చేసి మిగతావి ఉన్నాయో లేదో చూసుకోవడమే మంచి పద్ధతి. ఆయన చివర్లో "నిలబడింది, ఇంక ముట్టుకోవద్దను" అన్నారు, అక్కడే బోల్టులు బిగించేశాం.

కేబుల్ పనిలో రెండు విషయాలు చూసుకోండి. ఒకటి, పాత డిష్ కేబుల్ దారిలో శాటిలైట్ స్ప్లిటర్లు ఉంటాయి, వాటి మీద 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ అని మాత్రమే రాసి ఉంటే టీవీ సిగ్నల్‌కి పనికిరావు, టీవీ యూహెచ్‌ఎఫ్ 470 నుంచి 608 దాకానే. 5 నుంచి 1000 అని రాసున్నది కొని మార్చుకోండి, పది డాలర్ల లోపే. ఇక్కడి ఇళ్ళలో అన్ని గదుల కేబుల్సూ ఒక తెల్ల రేకు డబ్బాలోకి వస్తాయి, ఎక్కువగా మాస్టర్ బెడ్‌రూమ్ క్లోజెట్‌లోనో లాండ్రీ గదిలోనో ఉంటుంది, స్ప్లిటర్ అక్కడే దొరుకుతుంది. రెండోది గ్రౌండింగ్. బయట పోల్‌నీ కేబుల్‌నీ ఇంటి కరెంటు మీటర్ దగ్గరున్న గ్రౌండ్‌కి రాగి వైరుతో కలపాలి, ఎలక్ట్రికల్ కోడ్ కూడా అదే చెప్తుంది. పిడుగు నేరుగా పడితే అది ఆపదు గానీ ఉరుముల్లో పోల్ మీద పేరుకునే ఛార్జ్ ట్యూనర్‌ని కాల్చకుండా కాపాడుతుంది. పాత డిష్ వాళ్ళ వైరు ఉంటే అది తెగిపోయి వేలాడుతోందా నిజంగా కలిసి ఉందా అని చేత్తో పట్టుకుని చూసుకోండి.

వేరే ఊళ్ళలో ఉన్న మనవాళ్ళకి ఇదే యాంటెనా కొనండి అని చెప్పను, టవర్లు ఎక్కడున్నాయో చూసుకోండి అంటా. హ్యూస్టన్ వాళ్ళకి టవర్లు చాలావరకు అక్కడే ఉన్న మిస్సోరీ సిటీ అనే ఊరి దగ్గరే, షుగర్‌ల్యాండ్‌లో ఉండే తెలుగువాళ్ళకి అది పక్కనే కాబట్టి చిన్నది చాలు. న్యూజెర్సీ ఎడిసన్ వైపు వాళ్ళకి న్యూయార్క్ పెద్ద స్టేషన్లు మాన్‌హాటన్ ఆకాశహర్మ్యాల మీంచి వస్తాయి. బే ఏరియాలో చాలా చానెల్స్ శాన్‌ఫ్రాన్సిస్కో సుట్రో టవర్ నుంచి వస్తాయి, అక్కడ దూరం కంటే మధ్యలో కొండ ఉందా లేదా అన్నదే ముఖ్యం.

వాడకంలో ఇంతవరకు బొమ్మ గురించి కంప్లైంట్ ఏమీ లేదు, ఫాక్స్‌లో ఆట చూస్తుంటే స్ట్రీమింగ్ కంటే గడ్డి స్పష్టంగా కనిపిస్తుంది, పెద్ద వానలో కూడా ఆగలేదు, డిష్‌లా వానకి పోయే బాధ ఈ ఫ్రీక్వెన్సీలకి పెద్దగా ఉండదు. అప్పుడప్పుడు టీవీలో చానెల్స్ రీస్కాన్ చెయ్యండి, సబ్‌చానెల్స్ మారుతుంటాయి. ఆర్డర్ పెట్టే ముందు మీ పాత డిష్ పోల్ ఎంత లావుందో కొలుచుకోండి, పోల్స్ అన్నీ ఒక సైజు కాదు, క్లాంప్ దానికి సరిపోవాలి. వడగళ్ళ వానలకి ఇక్కడ కొన్నేళ్ళకోసారి రూఫ్ మార్పించక తప్పదు, రూఫర్లు పాత పోల్ చూస్తే పనికిరాని డిష్ అనుకుని తీసి చెత్తలో వేసేస్తారు. కాబట్టి కాంట్రాక్ట్‌లోనే యాంటెనా పోల్ అదే చోట తిరిగి పెట్టాలి అని రాయించుకోండి, విప్పే ముందు యాంటెనా పక్కన ఫోన్ కంపాస్ పెట్టి డిగ్రీలు కనిపించేలా ఒక ఫోటో తీసుకోండి.